పాత కారుకు బ్రేకులు మార్పిస్తున్నారా? ‘ఓవరాయిలింగ్’ అన్న ఒక్క మాటను ముందు ముక్కలు చేయండి

మాది 2011 వ్యాగన్ఆర్. ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) లేని రకం. ముందు చక్రాలకు డిస్కులు, వాటిని నొక్కిపట్టేవి ప్యాడ్లు. వెనక చక్రాలకు డ్రమ్ములు, వాటిని లోపలినుంచి ఒత్తేవి షూలు. పోయినేడాది జనరల్ సర్వీసుకని ఒక పెద్ద సర్వీసు సెంటర్‌లో వదిలి ఆఫీసుకు పోయాను. మధ్యాహ్నం మీటింగు మధ్యలో ఫోను. "సార్, నాలుగు బ్రేకులూ పోయినాయి. ఫుల్ ఓవరాయిలింగ్ చేయాల. 13,500 అయితుంది, అప్రూవ్ చేస్తారా?" ఓవరాయిలింగ్ అంటే ఓవర్‌హాలింగ్, బ్రేకులన్నీ విప్పి సామాను మార్చడం. చావు కబురు చల్లగా చెప్పడమంటే ఇదే. పిల్లల్ని ఎక్కించుకుని తిరిగే బండాయె, బ్రేకుల దగ్గర బేరమాడడానికి నోరు రాదు. ఆ సంగతి ఎస్టిమేటు రాసేవాళ్లకు మనకంటే బాగా తెలుసు.

చివరికి నాకైన ఖర్చు 3,880 రూపాయలు. బేరమాడి తగ్గించింది పైసా లేదు. చక్రాలు విప్పించి, ఏది అరిగింది, ఏది అరగలేదు అని చూశాను, అంతే. మీ కారు ఆల్టో కానీ, స్విఫ్ట్ కానీ, శాంత్రో, ఐ10, ఇండికా ఏదైనా కానీ, పద్ధతి ఇదే.

ముందు కారు ఏం చెబుతోందో వినండి

బెంగళూరులో వాన కురిసిన మర్నాడు పొద్దున బండి తీస్తే మొదటి రెండు మూడు బ్రేకులకు గరగరమంటుంది. భయపడకండి. రాత్రి డిస్కు మీద పట్టిన పలచటి తుప్పు అది. వీధి చివరికి వెళ్లేలోపు ప్యాడ్లే దాన్ని గీకేస్తాయి. ఆ తర్వాత కూడా శబ్దం పోకపోతేనే ఆలోచించాలి.

సన్నగా, చెవిలో సూది గుచ్చినట్టు కీచుమంటుంటే చాలావరకు ప్యాడ్లు చివరికొచ్చాయని గుర్తు. ప్యాడ్‌కు ఒక చిన్న ఇనుప నాలుక ఉంటుంది. ప్యాడ్ బాగా అరిగాక అది డిస్కును తాకి అరుస్తుంది. దాన్ని పట్టించుకోకుండా ఇంకో రెండు నెలలు తిరిగితే కీచు పోయి బరబరా రాపిడి మొదలవుతుంది. అంటే ప్యాడ్ పూర్తిగా పోయి, వెనకున్న ఇనుప పలక డిస్కును కోస్తోందన్నమాట. ప్యాడ్లతో పోయేదానికి డిస్కుల ఖర్చు కూడా నెత్తిన పడేది అప్పుడే.

బ్రేకు వేస్తే పెడల్ కాలి కింద అదురుతుంటే డిస్కు సమంగా లేదు. బండి ఒక పక్కకు లాగుతుంటే ఏదో ఒక కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) పట్టేసి ఉండొచ్చు. కానీ ముందు టైర్లలో గాలి చూడండి, ఆ పని పైసా ఖర్చు లేనిది. హ్యాండ్ బ్రేకు మునుపటికంటే ఎక్కువ టకటకలు పైకి వస్తే వెనక షూలు అరిగి ఉండాలి, లేదా కేబుల్ సాగి ఉండాలి. పెడల్ మెత్తగా లోపలికి దిగిపోతుంటే, రెండు మూడుసార్లు తొక్కితే గానీ బ్రేకు పట్టకపోతే మాత్రం ఇక చదవడం ఆపి మెకానిక్‌ను ఇంటికే పిలిపించండి. ఆ బండిని గ్యారేజీ దాకా కూడా నడపొద్దు. ఆయిల్ ఎక్కడో కారుతోంది, లేదా లైనులో గాలి చేరింది.

బానెట్ ఎత్తండి, ఆయిల్ డబ్బా చూడండి

డ్రైవర్ సీటుకు ఎదురుగా, ఇంజన్ గదిలో వెనకవైపు తెల్లటి చిన్న ప్లాస్టిక్ డబ్బా కనిపిస్తుంది. దాని మీద కనిష్ఠం, గరిష్ఠం అని రెండు గీతలుంటాయి. ప్యాడ్లు అరిగేకొద్దీ అందులో బ్రేక్ ఆయిల్ నెమ్మదిగా దిగుతుంది. మట్టం మెల్లగా తగ్గితే అరుగుదల, ఒక్కసారిగా తగ్గితే కారుడు.

చాలామంది ఇక్కడే ఒక పొరపాటు చేస్తారు. నేనూ చేశాను. మట్టం తగ్గిందని పైదాకా నింపేశాను. కొత్త ప్యాడ్లు పెట్టేటప్పుడు కాలిపర్‌లోని పిస్టన్‌ను వెనక్కి నొక్కుతారు. అప్పుడు ఆ ఆయిలంతా తిరిగి డబ్బాలోకి తన్నుకొచ్చి బయటికి పొంగింది. బ్రేక్ ఆయిల్ పెయింటును తినేస్తుంది. మా బండి బానెట్ కింద అరచేయంత మేర రంగు ఊడిపోయిన మచ్చ ఇప్పటికీ ఉంది. ప్యాడ్లు మార్చే ముందు ఆయిల్ నింపకండి.

ఆయిల్ రంగు కూడా చూడండి. కొత్తది తేనె నీళ్లలా ఉంటుంది. కాఫీ డికాక్షన్‌లా ఉంటే మార్చాల్సిందే. దీని గురించి కింద మళ్లీ చెబుతాను, ఎందుకంటే తిరుపతి వెళ్లొచ్చే మనవాళ్లకు ఇది ముఖ్యం.

చక్రం విప్పించి పక్కన నిలబడండి

ఇదే అసలు పని. ఎస్టిమేటు ఫోన్లో వచ్చినా సరే, "నేనొచ్చి చూస్తాను, చక్రాలు విప్పి ఉంచండి" అనండి. వద్దన్నారంటే ఆ చోటు మనకు కాదు.

నేను బండి వెనక్కి తెచ్చుకుని, కె.ఆర్.పురం వైపు మాకు తెలిసిన ఒక మెకానిక్ దగ్గరికి పోయాను. పలమనేరు అవతలి మనిషి, ఇరవై ఏళ్లుగా ఇక్కడే గ్యారేజీ. ఎడమ ముందు చక్రం విప్పి, కాలిపర్ ఎత్తి, రెండు ప్యాడ్లూ నా అరచేతిలో పెట్టాడు. బయటి ప్యాడ్ మీద మందు (డిస్కును ఒరుసుకుని అరిగే పొర) ఇంకా అయిదు మిల్లీమీటర్లుంది. లోపలిది చూస్తే ఇనుము బయటపడ్డానికి వెంట్రుకవాసి దూరంలో ఉంది. ఒకే చక్రం, ఒకేరోజు వేసిన జత.

"చూడు సార్, ఇది ప్యాడ్ తప్పు కాదు," అన్నాడు. కాలిపర్‌ను పట్టి ఉంచే పిన్నును లాగబోతే రాలేదు. సుత్తితో రెండు దెబ్బలు వేశాక తుప్పు రాలుస్తూ బయటికొచ్చింది. దాని రబ్బరు తొడుగు చిరిగి, లోపలికి నీళ్లు పోయి గ్రీజు గట్టిపడింది. ఆ పిన్ను మీద కాలిపర్ అటూ ఇటూ జారితేనే రెండు ప్యాడ్లూ సమానంగా అరుగుతాయి. అది బిగుసుకుంటే లోపలి ప్యాడ్ ఒక్కటే పనంతా మోస్తుంది. 9,000 కిలోమీటర్ల క్రితమే ఒకచోట ప్యాడ్లు మార్పించాను. వాళ్లు పాతవి తీసి కొత్తవి పెట్టారు గానీ పిన్నుల జోలికి పోలేదు. కొంచెం గ్రీజు పూయని పాపానికి ఒక ప్యాడ్ సెట్టు మట్టిగొట్టుకుపోయింది. ఎస్టిమేటు కాగితాల్లో మాత్రం ఈ పిన్నుల మాట నేనెక్కడా చూడలేదు.

చూడాల్సిన మిగతావి త్వరగా చెప్పేస్తాను. ప్యాడ్ మందు మూడు మిల్లీమీటర్లకు దిగితే మార్చండి. కొత్తదానికి ఇంచుమించు పది ఉంటుంది. డిస్కు అంచున గానీ మధ్యలోని టోపీ భాగం మీద గానీ కనీస మందం ఎంతో అంకె చెక్కి ఉంటుంది. తుప్పు తుడిచి చూడండి. మెకానిక్ వెర్నియర్‌తో కొలిచి ఆ అంకెకంటే తక్కువుందని చూపిస్తేనే కొత్త డిస్కు. "లైన్లు పడినాయి సార్" అన్నది కొలత కాదు. గోరు తట్టుకునేంత లోతు గీతలున్నా, పెడల్ అదురుతున్నా, మందం మిగిలుంటే లేత్ మిషన్ మీద స్కిమ్మింగ్ (పైపొర గీకి చదును చేయడం) చేయించొచ్చు. అలా చేశాక కూడా కనీస మందం కంటే పైనే ఉండాలి, అది మళ్లీ కొలిపించండి.

వెనక డ్రమ్ములు ఊడిరావు, మొండికేస్తాయి. సుత్తితో బాదేస్తారు కుర్రాళ్లు. చాలా డ్రమ్ములకు మొహం మీదే మరలున్న రెండు రంధ్రాలుంటాయి. వాటిలో బోల్టులు బిగిస్తూ పోతే డ్రమ్ము దానంతటదే బయటికొస్తుంది. లోపల పేరుకున్న పొడిని గాలి కొట్టి ఊదనివ్వకండి, పీలిస్తే మంచిది కాదు. తడిగుడ్డతో గానీ బ్రేక్ క్లీనర్‌తో గానీ తుడవాలి. షూ మీద లైనర్ రెండు మిల్లీమీటర్ల కిందికి పోలేదంటే వదిలేయండి, ఇంకా చాలాదూరం నడుస్తుంది. పైన, షూలను బయటికి తోసే వీల్ సిలిండర్ రబ్బరు తొడుగును వేలితో కొంచెం తెరిచి చూడమనండి. లోపల పొడిగా ఉంటే అది బాగున్నట్టే. తడిగా ఉంటే రెండు వైపులా సిలిండర్లు మార్చాలి, ఆయిల్ పీల్చిన షూలు కూడా. ఆ ఖర్చు తప్పించుకునే దారి లేదు, వెతక్కండి కూడా.

ఇప్పుడు కాగితం మీద ముక్కలు చేయండి

నాకొచ్చిన 13,500 లోపల ఏముందంటే: ముందు ప్యాడ్లు 2,300, డిస్కులు రెండు 4,600, వెనక షూలు 1,700, వీల్ సిలిండర్లు 1,300, ఆయిల్ 450, లేబరు 2,800, ‘కన్స్యూమబుల్స్’ అని 350. ఈ చివరిది ఏమిటని అడిగితే ఒకరు గ్రీజన్నారు, ఇంకొకరు గుడ్డలన్నారు.

విప్పి చూశాక తేలిందేమిటి? డిస్కులు కనీస మందం కంటే పైనే ఉన్నాయి. సిలిండర్లు పొడిగా ఉన్నాయి. షూలు మూడున్నర మిల్లీమీటర్లున్నాయి. కాబట్టి ప్యాడ్లు 1,550, ఆయిల్ 280, పిన్నుల రబ్బర్లూ గ్రీజూ 250, రెండు డిస్కుల స్కిమ్మింగ్ 600, లేబరు 1,200. మొత్తం 3,880. షూలు ఎలాగూ మార్చాల్సి వస్తాయి, ఆ ఖర్చు పోలేదు, వాయిదా పడింది. అంతవరకే నేను గెలిచింది.

చిన్న కార్లకు బెంగళూరులో నేను చూసిన ధరల అందాజు చెబుతాను. మోడలును బట్టి, కంపెనీని బట్టి మారతాయి. ముందు ప్యాడ్ల సెట్టు 1,000 నుంచి 2,500 దాకా. షూల సెట్టు 700 నుంచి 1,700. డిస్కు ఒక్కొక్కటి 1,200 నుంచి 2,500. బయటి గ్యారేజీలో ముందు ప్యాడ్లు మార్చే కూలి 400 నుంచి 700. నాలుగు చక్రాలూ విప్పి శుభ్రం చేసి ఆయిల్ మార్చేదాకా అయితే 1,000 పైన. కూలి తగ్గించమని గీచిగీచి బేరమాడకండి. రెండొందలు తగ్గిస్తే ఆ మనిషి తగ్గించుకునేది పిన్నులు శుభ్రం చేసే అరగంటనే.

ఇంకొకటి. 2025 సెప్టెంబరు 22 నుంచి వాహనాల విడిభాగాల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. కొట్టులో పాత స్టాకు ఉంటే పెట్టె మీద పాత ఎమ్మార్పీయే ఉండొచ్చు. బిల్లులో ఏ శాతం వేశారో చూసి, పాత ధరే కడుతున్నట్టు అనిపిస్తే నోరు తెరిచి అడగండి.

సామాను మీరే కొనాలనుకుంటే

బెంగళూరులో విడిభాగాలంటే జేసీ రోడ్డే. టౌన్ హాల్ నుంచి మినర్వా సర్కిల్ దాకా రెండు పక్కలా, పక్క సందుల్లో కూడా అవే కొట్లు. కారులో మాత్రం పోకండి, పార్కింగు దొరక్క తిరిగే పెట్రోలుకు ఒక షూ సెట్టు వస్తుంది. మెట్రో గ్రీన్ లైనులో కె.ఆర్.మార్కెట్‌లో దిగి నడవొచ్చు. ఆదివారం చాలా కొట్లు మూసి ఉంటాయి, శనివారం మధ్యాహ్నంలోపు వెళ్లండి. కన్నడం రాదని జంకక్కర్లేదు. కౌంటర్ అవతల నాలుగు భాషలూ నడుస్తాయి, "అన్నా, కొంచెం చూసి చెప్పు" అంటే తెలుగులోనే ధర చెప్పినవాళ్లు నాకు ఇద్దరు తగిలారు.

చేతిలో రెండు ఉండాలి: ఆర్సీ ఫొటో, పాత ప్యాడ్. "2011 వ్యాగన్ఆర్‌కు ప్యాడ్లు" అంటే సరిపోదు. ఒకే మోడల్లో ఏడాది మధ్యలో కాలిపర్ మారిన సందర్భాలుంటాయి, అప్పుడు ప్యాడ్ చెవులు వేరుగా ఉంటాయి. ఛాసిస్ నంబరుతో పార్టు నంబరు తేల్చమనండి, పాత ప్యాడ్‌ను కొత్తదాని మీద పెట్టి పోల్చండి.

కంపెనీ ఒరిజినల్ వద్దనుకుంటే టీవీఎస్ గర్లింగ్, రానే, బాష్ లాంటి పేర్లు అడగండి. మొదటి రెండూ చెన్నై సంస్థలవి, కార్ల కంపెనీలకే బ్రేకు సామాను చేసి ఇచ్చేవాళ్లు. కొట్టువాడు ఒకే రకం పెట్టెను 450కి చూపిస్తే "ఇంత చవకా" అని మురిసిపోకండి. ముద్ర మసకగా ఉందా, హోలోగ్రామ్ గోరుతో గీకితే స్టిక్కర్‌లా లేస్తోందా, పెట్టె మీది పార్టు నంబరు లోపలి ప్యాడ్ వెనక ఉన్న నంబరుతో కలుస్తోందా చూడండి. బిల్లు లేకుండా కొనొద్దు. సిరామిక్ ప్యాడ్లు, స్పోర్ట్స్ ప్యాడ్లు అంటూ అంటగట్టబోతారు. సిల్క్‌బోర్డు దగ్గర గంటకు పది కిలోమీటర్ల వేగంతో పాకే వ్యాగన్ఆర్‌కు అవెందుకు?

గ్యారేజీకి సామాను మనమే తీసుకెళ్తే కొందరు మెకానిక్‌లు మొహం ముడుచుకుంటారు. వాళ్లకు సామాను మీద వచ్చే నాలుగు రూపాయలు పోతాయి మరి. ముందే ఫోన్ చేసి చెప్పి, కూలి ఎంతో మాట్లాడుకుని వెళ్తే గొడవుండదు.

పని జరుగుతున్నప్పుడు

ప్యాడ్లు గానీ షూలు గానీ ఎప్పుడూ ఎడమ కుడి రెండూ కలిపే మార్చాలి. ఒక్కవైపు మారిస్తే గట్టిగా బ్రేకు వేసినప్పుడు బండి పక్కకు తిరుగుతుంది. విప్పిన కాలిపర్‌ను రబ్బరు పైపు మీద వేలాడదీయనివ్వకండి, తీగతో పైకి కట్టమనండి. ఆ పైపును చేత్తో వంచి చూడండి, పగుళ్లుంటే అది కూడా మార్చాలి. పిన్నులకు మామూలు బేరింగు గ్రీజు పనికిరాదు. రబ్బరు ఉబ్బి మళ్లీ బిగుసుకుంటుంది. బ్రేకుల కోసమే సిలికాన్ గ్రీజు చిన్న ప్యాకెట్లలో దొరుకుతుంది. కొత్త డిస్కు వేస్తుంటే దాని మీద తుప్పు పట్టకుండా పూసిన నూనెను తుడిచాకే బిగించాలి.

ఏబీఎస్ ఉన్న కారైతే చక్రం దగ్గరి సన్నటి సెన్సర్ వైరు జాగ్రత్త. 2019 ఏప్రిల్ నుంచి కొత్తగా అమ్మే కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి అయింది. అంతకు ముందువాటిలో టాప్ మోడళ్లకు ఉండొచ్చు, చూసుకోండి. అలాంటి బండికి ఏబీఎస్ యూనిట్ దగ్గర పనిబడితే స్కానర్ ఉన్నచోటికే పోవాలి. అక్కడ సర్వీసు సెంటర్ నయం.

ఇక ఆయిల్. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. తేమ చేరాక ఆ హద్దు 140 డిగ్రీలకు పడిపోవచ్చు. డాట్ 4కు ఇవే 230, 155. సిటీలో ఈ తేడా తెలియదు. కుటుంబమంతా, లగేజీతో తిరుమల కొండ దిగేటప్పుడు ప్రతి మలుపులో బ్రేకు తొక్కుతూ వస్తే తెలుస్తుంది. ఆయిల్ మరిగి ఆవిరైతే పెడల్ తొక్కినా నొక్కుకునేది ఆ ఆవిరే, బ్రేకు పట్టదు. అందుకే రెండేళ్లకోసారి ఆయిల్ మార్పించండి, డబ్బా మూత మీద ఏ రకం రాసుందో అదే పోయించండి. సీలు తీసి నెలల తరబడి అరలో ఉంచిన సీసాలోంచి పోస్తుంటే వద్దనండి, కొత్త డబ్బా మీ కళ్లముందు తెరవాలి. కొండ దిగేటప్పుడు రెండో గేరులో ఉంటే సగం పని ఇంజనే చేస్తుంది. గుండు చేయించుకుని దిగుతుంటే కాలిన వాసన వచ్చిందని నవ్వుతూ చెప్పేవాళ్లు మా ఆఫీసులోనే ముగ్గురున్నారు.

నాలుగు చక్రాల దగ్గరా బ్రేకు లైనులోని గాలి తీశాక, బండి కదపకముందే పెడల్‌ను గట్టిపడేదాకా తొక్కాలి. కొత్త ప్యాడ్లు పెట్టాక మొదటి రెండు మూడు తొక్కుళ్లు ఖాళీగా లోపలికి పోతాయి. అది మరచి రివర్స్ తీసి గోడకు గుద్దినవాళ్లున్నారు. పాత సామాను డిక్కీలో వేయమని అడగండి. మార్చామన్నది నిజంగా మార్చారో లేదో దాన్నిబట్టే తెలుస్తుంది.

తర్వాత వారం

కొత్త ప్యాడ్లు డిస్కుకు అలవాటు పడాలి. తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద గంటకు 50 వేగం నుంచి 10 దాకా మెత్తగా బ్రేకు వేయడం, కాస్త దూరం వదిలేయడం, మళ్లీ వేయడం. ఇలా ఎనిమిది పదిసార్లు చేయండి, మధ్యలో పూర్తిగా ఆపి పెడల్ తొక్కిపట్టుకోకండి. మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు సడన్ బ్రేకులు లేకుండా నడపండి. కొంచెం వాసన వస్తుంది, పర్వాలేదు. ఒక్క చక్రమే చెయ్యి దగ్గర పెట్టలేనంత వేడిగా ఉంటే మాత్రం ఆ కాలిపర్ మళ్లీ విప్పించాలి.

సంక్రాంతికి బస్సులోనో రైల్లోనో ఊరెళ్తూ కారును పది రోజులు అపార్ట్‌మెంటులో వదిలేస్తే, చదునైన చోట హ్యాండ్ బ్రేకు వేయకండి. మొదటి గేరులో పెట్టి చక్రానికి ఒక రాయి అడ్డం పెట్టండి. తడి డ్రమ్ముకు షూలు అంటుకుపోయి, తిరిగొచ్చాక బండి కదలక మెకానిక్‌ను పిలిపించి 500 ఇచ్చాను ఒకసారి. వాచ్‌మన్ తాత రాయి అడ్డం పెట్టుకోమని వెళ్లేముందే చెప్పాడు, నేనే వినలేదు.